దండగ బాబాయి లాంతర్లు

వెలుగుతున్న దీపం కంటబడితే దండగ బాబాయి దాన్ని ఆర్పకుండా ముందుకు అడుగు వేయలేడు. అది ఎవరి దీపం, ఆ గదిలో ఎవరున్నారు, ఏం చేసుకుంటున్నారు అన్న ప్రశ్నలు ఆయనకు ఎన్నడూ రాలేదు. చెయ్యి స్విచ్చు మీదికి పోతుంది, నోట్లోంచి "దండగ!" అన్న మాట వస్తుంది, గది చీకటవుతుంది. ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. ముప్పై ఏళ్లుగా జరుగుతూనే ఉన్నాయి.

ఆయన మా బిల్డింగుకి కేర్‌టేకరు. కింద ఒకటి, పైన నాలుగు అంతస్తులు, మొత్తం పన్నెండు వాటాలు. నేల కింద, నీళ్ల మోటారు పక్కన, కిటికీ లేని గదిలో ఆయన కాపురం. పెళ్లి చేసుకోలేదు. పెళ్లికూతురు ఇంట్లో దీపాలు ఆర్పేసి సంబంధం చెడగొట్టుకున్నాడని ఒక కథ ఉంది గానీ, అది నేనే పుట్టించానని గుర్తు.

నాకు ఆయన మీద సొంత కక్ష ఒకటుంది. ఒకసారి మా ఇంట్లో కుళాయి బాగుచెయ్యడానికి వచ్చాడు. నేను బాత్రూంలో మీసం సవరించుకుంటున్నాను. మా బాత్రూం స్విచ్చు బయట ఉంటుంది. ఇక చెప్పేదేముంది! "దండగ!" అని వినిపించింది. అద్దం మాయమైంది. కత్తెర మాత్రం తన పని తాను చేసింది. ఆ వారమంతా ఆఫీసులో అందరూ నన్ను ఎడమవైపు నుంచే పలకరించారు.

"బాబాయ్, లోపల మనిషి ఉన్నాడో లేదో చూసుకోరా?" అని అరిచాను.

"మనిషి ఉంటే చప్పుడు చేస్తాడు కదా సార్."

"మీసానికి చప్పుడేమిటి?"

"చప్పుడు లేని పనికి వెలుతురు మాత్రం దేనికి?" అని కుళాయి బిగించి వెళ్లిపోయాడు.

మొదటి అంతస్తులో పళ్ల డాక్టరు బాధ మరీ అన్యాయం. ఆయన గది ముందు పేషెంట్లు వరసగా దవడలు పట్టుకుని కూర్చుని ఉంటారు. బాబాయి మెట్లు దిగుతూ ఆ వరండా దీపం ఆర్పేసేవాడు. "ఏడవడానికి కూడా వెలుతురు కావాలా?" అనేవాడు. పంటి నొప్పితో వచ్చినవాళ్లు చీకట్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని లేచిపోయిన సందర్భాలున్నాయి.

ఆయన ముస్లిం. అయిదు పూటలా నమాజు తప్పడు. మెట్ల మీద ఎవరితో పోట్లాడుతున్నా వేళయితే, "ఆగండి, వచ్చి పోట్లాడతాను" అని వెళ్లి, నమాజు చేసుకుని వచ్చి, ఆగిన మాట దగ్గర్నుంచే అందుకునేవాడు. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవాలి కదా, దానికి ఒకే ఒక్క చెంబు నీళ్లు. "పక్కన నది పారుతున్నా నీళ్లు పారబోయొద్దని మాకు చెప్పారు" అనేవాడు. గదిలో మంచం, ట్రంకు పెట్టె, చాప. గోడకి కాబా ఫొటో, నల్లటి వస్త్రం కప్పిన నలుచదరపు కట్టడం. చుట్టూ లక్షలమంది జనం. ఎప్పటికైనా హజ్ యాత్రకి వెళ్లాలని కోరిక. "అక్కడ ఎన్ని దీపాలుంటాయో బాబాయ్, ఎన్నని ఆర్పుతారు?" అని ఏడిపించేవాణ్ని. ఆయన ఆ ఫొటో వంక చూసి, కాస్త దిగులుగా, "అవును సార్, అదొకటి ఉంది" అనేవాడు.

ఆయన పీడ అందరికంటే ఎక్కువ పడుతున్నది నాలుగో అంతస్తులోని పెద్దావిడ అని మా అందరి నమ్మకం. ఆవిడ యూదు మతస్థురాలు. ఎనభై దాటాయి. భర్త పోయి చాలాకాలమైంది, ఒక్కతే ఉంటుంది. గుమ్మానికి కుడివైపు కాస్త వాలుగా చిన్న గొట్టంలాంటి డబ్బీ బిగించి ఉంటుంది. లోపల తోలు మీద రాసిన ప్రార్థన వాక్యాలున్నాయట. వస్తూ పోతూ దాన్ని తాకి, ఆ వేళ్లు ముద్దు పెట్టుకుంటుంది. మాంసం వండే గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. రెండిటికీ రెండు అలమరలు. పొరపాటు రాకుండా ఒకదానికి ఎర్ర రంగు, ఒకదానికి నీలం రంగు వేసింది బాబాయే. వేస్తున్నంతసేపూ రంగు దండగ అని సణుగుతూనే ఉన్నాడట.

వాళ్లిద్దరూ అక్కా, తమ్ముడూ అని పిలుచుకుంటారు గానీ ఎప్పుడు చూసినా తగువే. ఆవిడ హాల్లో జెరూసలేం ఫొటో ఉంది. యూదులు మొహం ఆనించి ప్రార్థించుకునే పాత రాతిగోడ. ఆ గోడ వెనక కనిపించే బంగారు గుమ్మటాన్ని ఫ్రేములవాడు సగానికి కోసేశాడు. ఆ చోటు ముస్లింలకీ పవిత్రమే.

"మా గుమ్మటం సగానికి నరికించావు కదా అక్కా" అనేవాడు బాబాయి, బల్బు మార్చడానికి ఎక్కిన నిచ్చెన మీద నుంచి.

"నాకు గోడ కావాలి, గోడ ఉంది. నీకు గుమ్మటం కావాలంటే నువ్వు ఫొటో కట్టించుకో."

"మావాళ్లు కూడా మొట్టమొదట ఆ ఊరివైపే తిరిగి నమాజు చేసేవాళ్లు, తెలుసా? తర్వాతే మక్కా వైపు తిరిగారు."

"తెలుసు. మక్కా వైపు తిరిగిపోయినవాళ్లకి ఇప్పుడు ఈ గుమ్మటం గోల ఎందుకు? ముందు ఆ నిచ్చెన దిగు, పడతావు."

శుక్రవారం పొద్దు వాలడానికి కాసేపు ముందు ఆవిడ రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేతులతో కళ్లు మూసుకుని ప్రార్థించుకుంటుంది. అప్పటి నుంచి శనివారం చీకటి పడి మూడు చుక్కలు కనిపించేదాకా ఆవిడకి సబ్బాతు, అంటే విశ్రాంతి. వండదు, రాయదు, నిప్పు రాజేయదు, ఆర్పదు. తనకోసం ఆ పని చేసిపెట్టమని ఇంకొకరిని అడగదు కూడా. శనివారం పొద్దున మంచి చీర కట్టుకుని, చేతిలో సంచీ అయినా లేకుండా, రెండు వీధుల అవతలి ప్రార్థనామందిరానికి నడిచి వెళ్తుంది. ఇవన్నీ నాకు మా ఆవిడ చెప్పగా తెలుసు. తెలిసినవన్నీ ఒకచోట పెట్టి చూసుకునే అలవాటు మాత్రం నాకు మొదటి నుంచీ లేదు.

బాబాయి పొదుపులో ఒక్క చిల్లు ఉండేది. మా మెట్లకి కిటికీలు లేవు. పగలు కూడా దీపం లేనిదే మెట్టు కనిపించదు. మిగతా రోజుల్లో ఆ దీపాలని క్షణం ఉండనిచ్చేవాడు కాదు. శుక్రవారం సాయంత్రం వెలిగించినవి మాత్రం శనివారం చీకటి పడేదాకా వెలుగుతూనే ఉండేవి. "శుక్రవారం బాబాయి పిసినారితనానికి సెలవు" అని రెండో అంతస్తు లెక్కల మాస్టారు జోకు వేస్తే మేం నవ్వి ఊరుకున్నాం.

ఇలా ఉండగా నన్ను అద్దెదార్ల సంఘానికి కార్యదర్శిని చేశారు. నేను బీమా కంపెనీలో ఉత్తరాలు రాసే గుమాస్తాని. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాయడంలో నాకు మంచి పేరుంది. పదవి రాగానే మెట్ల మీద స్విచ్చులన్నీ పీకించి సెన్సారు దీపాలు పెట్టించాను. మనిషి వస్తే వెలుగుతాయి, పోతే ఆరిపోతాయి. బాబాయి ఆనందబాష్పాలు రాలుస్తాడనుకున్నాను.

ఆయన మెట్ల కింద నిలబడి ఒక అడుగు ముందుకు వేశాడు. దీపం వెలిగింది. వెనక్కి వేశాడు. కాసేపటికి ఆరింది. ఇలా నాలుగుసార్లు చేసి, పాలిపోయిన మొహంతో, "వద్దు సార్, తీయించేయండి" అన్నాడు.

"ఏం? దానంతటదే ఆరిపోతుందయ్యా!"

"దానంతటదే వెలుగుతుంది కూడా కదా సార్."

"మనిషి అడుగు పెడితేనే కదా వెలుగుతుంది?"

"అదే దండగ. అడుగు పెట్టినవాళ్లు వెలిగించమని అడిగారా?"

నేను నవ్వి ఆయన భుజం తట్టి వచ్చేశాను. ఆ శనివారం పెద్దావిడ ప్రార్థనకి వెళ్లలేదని మా ఆవిడ చెప్పింది. తలుపు తీసి, ఒక చూపు చూసి, మళ్లీ మూసేసుకుందట. వయసు మీద పడుతోంది పాపం అనుకున్నాను.

మరుసటి శుక్రవారం సాయంత్రం నుంచి గొడవ మొదలైంది. బాబాయి సెన్సార్ల ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ట్రంకు పెట్టెలోంచి అయిదు పాత కిరసనాయిలు లాంతర్లు తీసి, తుడిచి, పొద్దు వాలకముందే వెలిగించి, అంతస్తుకొకటి పెట్టాడు. కరెంటు దండగని ఊపిరాడనివ్వని మనిషి, కరెంటు ఆపేసి కిరసనాయిలు కాలుస్తున్నాడు!

"ఇదేమిటి బాబాయ్?"

"పెట్టెలో పడి తుప్పు పట్టిపోతున్నాయి సార్. వాడకపోతే దండగ."

శనివారం చీకటి పడగానే ఫ్యూజు మళ్లీ దాని చోటికి వచ్చేసింది. తర్వాతి శుక్రవారమూ ఇదే తంతు. ఆ రోజు లెక్కల మాస్టారు లాంతరు తన్నుకుని మూడు మెట్లు జారి, చీలమండ బెణికించుకుని ఇల్లు చేరాడు. మూడు మెట్లే అయినా, ఆయన చెప్పినప్పుడల్లా ఒకటి పెరిగి, మర్నాటికి పదకొండయ్యాయి. లెక్కలు చెప్పే మనిషి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

బాబాయిని తీసేయాలని పదకొండు వాటాలవాళ్లూ నిశ్చయించారు. తీసేస్తే ఉద్యోగంతోపాటు ఆ కిటికీ లేని గది కూడా పోతుంది. మా నిబంధనల ప్రకారం అందరి సంతకాలూ ఉండాలి, పన్నెండోది పెద్దావిడది. నేను నేరాల జాబితా రాయడానికి కూర్చున్నాను. ఒకటి, ఇళ్లల్లో దూరి దీపాలు ఆర్పడం. రెండు, ఫ్యూజు, లాంతర్లు, మాస్టారి చీలమండ. మూడు, ప్రతి ఏడాదీ రంజాన్ నెలంతా పొద్దుగూకే వేళకి నీళ్ల పైపు మీద టంగు టంగున మోగించి అందరినీ అదరగొట్టడం. మూడు నేరాలు నాకు చాలవనిపించాయి. మూడో శుక్రవారం సాయంత్రం, ఇంకేమైనా దొరుకుతుందేమోనని, బాబాయి వెనకాలే లాంతర్ల వెలుగులో పిల్లిలా నాలుగో అంతస్తు ఎక్కాను.

పెద్దావిడ తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఉంది. బాబాయి సరాసరి లోపలికి వెళ్లిపోయాడు.

"అక్కా! పడగ్గదిలో దీపం ఎవరికి వెలుగుతోంది? మంచానికా?"

"నా ఇల్లు, నా దీపం. నీకెందుకు?"

"దండగ! కళ్లతో చూసి ఊరుకోవడం నా వల్ల కాదు." టక్కుమని ఆర్పాడు. "వంటింట్లోదో?"

"ఈ మనిషి ఈ జన్మకి మారడు" అంది ఆవిడ గోడమీది ఫొటోతో.

వంటింటి దీపమూ ఆర్పేసి, హాల్లోది ఒక్కటి వదిలేసి, సణుక్కుంటూ వచ్చేశాడు. ఎనభై ఏళ్ల ఒంటరి మనిషిని పండగలాంటి రోజున ఇలా పీడిస్తాడా అని నాకు ఒళ్లు మండిపోయింది. కిందికి వచ్చి నాలుగో నేరం రాసి, దాని కింద రెండు గీతలు కొట్టాను.

మర్నాడు శనివారం పొద్దున్నే మా హాల్లో మీటింగు. మాస్టారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని అందరికీ కనపడేలా కూర్చున్నాడు. బాబాయి వస్తూనే మా హాల్లో దీపం ఆర్పేశాడు. "ఎండ వస్తోంది కదా సార్" అన్నాడు. ఆయన నేరాలు విచారించడానికి మేం ఆయన మిగిల్చిన వెలుతురులోనే కూర్చోవలసి వచ్చింది.

"ఎందుకు చేస్తున్నారో కారణం చెప్పండి, లేకపోతే తాళాలు ఇచ్చేయండి" అన్నాడు మాస్టారు.

"దండగ కాబట్టి."

"కిరసనాయిలు దండగ కాదా?"

బాబాయి తల గోక్కున్నాడు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పెద్దావిడ కమ్మీ పట్టుకుని మెల్లగా దిగుతోంది. మంచి చీర, ఖాళీ చేతులు. మా తలుపు తీసే ఉండటంతో గుమ్మంలో ఆగింది. నేను పరుగున వెళ్లి, కాగితమూ కలమూ అందించాను. "సమయానికి వచ్చారు. ఇక్కడ మీదొక్క సంతకం పడాలి."

"శనివారం నేను రాయను బాబూ. ఏముందో చదవండి, వింటాను."

గొంతు సవరించుకుని చదివాను. మూడోది చదవగానే ఆవిడ చెయ్యి ఎత్తింది.

"పైపు కొట్టేది ఇతను కాదు, నేను."

అందరం నోరు తెరిచాం.

"ఆ నెలంతా పొద్దుట్నుంచి మంచినీళ్లయినా ముట్టడు. పొద్దు గూకాక గానీ తినకూడదు. ఇతని గదికి కిటికీ లేదు, నా కిటికీలోంచి సూర్యుడు దిగడం కనిపిస్తుంది. చేతికర్రతో పైపు మీద మూడు దెబ్బలు కొడతాను, కింద ఖర్జూరం నోట్లో వేసుకుంటాడు. శుక్ర, శనివారాలు మాత్రం నాకు సబ్బాతు, ఆ రెండు సాయంత్రాలూ తనే మేడ ఎక్కి చూసుకుంటాడు."

"అంటే, ఆయన కోసం మీరు..."

"అతని కోసమే. అతని కోసం నేను చేయకూడదని మా మతంలో ఎక్కడా లేదు. తర్వాతది చదవండి."

నేను ఉత్సాహంగా నాలుగోది అందుకున్నాను. "ప్రతి శుక్రవారం సాయంత్రం పెద్దావిడగారి ఇంట్లోకి వెళ్లి దీపాలు ఆర్పుతున్నాడు. ఒంటరి మనిషిని పీడించడం తప్ప దానికి ఇంకో కారణం..."

"సార్!" అన్నాడు బాబాయి.

ఆయన మొహం చూసి ఆగిపోయాను. ముప్పై ఏళ్లలో ఆయన దేనికీ భయపడటం నేను చూడలేదు. ఇప్పుడు భయపడుతున్నాడు. నడుముకున్న తాళాల గుత్తి విప్పి నా బల్ల మీద పెట్టేశాడు.

"నేను వెళ్లిపోతాను సార్. ఆ నాలుగోది మాత్రం కొట్టేయండి. ఈవిడ ముందు చదవకండి."

పెద్దావిడ ఆ తాళాల వంక కాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది.

"ఇతను నా ఇంట్లో దీపాలు ఎందుకు ఆర్పుతాడో నాకు తెలియదు బాబూ. పిసినారి, తన తృప్తి కోసం ఆర్పుకుంటాడనే అనుకుంటున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఇకమీదా అడగను. మీరూ అడగకండి."

అని, నెమ్మదిగా వీధిలోకి దిగి వెళ్లిపోయింది.

నేను ఇంకా కాగితం పట్టుకుని నిలబడే ఉన్నాను. మా ఆవిడ వెనక నుంచి వచ్చి నా జబ్బ మీద గట్టిగా గిల్లింది.

"ఇంకా అర్థం కాలేదా మీకు? శనివారం ఆవిడ దీపం వెలిగించకూడదు, ఆర్పకూడదు, ఆర్పమని అడగకూడదు. ఆవిడ కోసమని ఎవరైనా చేసినా ఆవిడ ఒప్పుకోదు. ఎవరి కోసం వాళ్లు ఆర్పుకుంటే సరే. మీరు పెట్టించిన దిక్కుమాలిన సెన్సార్లో? గుమ్మం దాటి అడుగు వేస్తే దీపం వెలుగుతుంది. అంటే వెలిగించింది ఆవిడే అన్నమాట! అందుకే ఆ శనివారం గడప దాటలేదు. వాటిని ఆపడానికే ఆయన ఫ్యూజు పీకాడు, స్విచ్చులు మీరు పీకించేశారు కాబట్టి లాంతర్లు పెట్టాడు."

నాకు సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. నాలుగు అంకెలు వేసి తీరుగా రాసిన ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను. మాస్టారు స్టూలు మీంచి కాలు దించి, "మూడు మెట్లేలెండి" అన్నాడు. మీటింగు తీర్మానం ఇలా రాశాను: "పొదుపు కోసం శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేవరకు సెన్సార్లు ఆపి, మామూలు దీపాలు వెలిగించి ఉంచాలి." అందులో పొదుపు ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. పెద్దావిడ పేరు ఎక్కడా రాలేదు.

తాళాలు తిరిగి ఇవ్వడానికి నేనే ఆయన గదికి వెళ్లాను.

"నాకైనా చెప్పొచ్చు కదా బాబాయ్, ఆవిడ కోసమని?"

"ఆవిడ కోసమని ఎవరన్నారు? దండగ కాబట్టి ఆర్పాను." అని, తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శనివారం తెల్లవారి చూస్తే, కళ్లు ఎర్రగా ఉన్నాయి సార్. పడగ్గది దీపం ఆర్పడం మర్చిపోయిందట, నిద్రలేదు. ఆర్పిపెడతానంటే వద్దంది. తన కోసం చేస్తే తనకి పనికిరాదట. ఇదేమి తిరకాసురా దేవుడా అని ఆలోచించి, నా కోసం చేసుకోవడం మొదలుపెట్టాను."

"మరి మా ఇళ్లల్లో ఎందుకు?"

"ఒక్క ఇంట్లోనే ఆర్పితే అనుమానం రాదా సార్? అందుకని ఇల్లిల్లూ తిరిగి ఆర్పుకుంటూ వచ్చాను. పిసినారి అని పేరు పడితే గానీ ఆవిడ నమ్మదు."

ముప్పై ఏళ్లు! నా చెయ్యి మీసం మీదికి పోయింది.

"అయితే నా సగం మీసం కూడా అందులో భాగమేనా?"

"లేదు సార్. అది నిజంగానే దండగ" అన్నాడు బాబాయి.

ఆ మరుసటి ఏడు బాబాయి హజ్ యాత్రకి వెళ్లాడు. బిల్డింగంతా వీధి చివరిదాకా వెళ్లి సాగనంపింది. బస్సెక్కబోతూ నన్ను పక్కకి పిలిచాడు. "శుక్రవారాలు..." అన్నాడు. "నాకు తెలుసు" అన్నాను. "మీకు కోపం ఎక్కువే కదా సార్, కాస్త వాడండి" అన్నాడు.

మొదటి శుక్రవారం సాయంత్రం నాలుగో అంతస్తుకి వెళ్లాను. పెద్దావిడ కొవ్వొత్తుల ముందు కూర్చుని ఉంది. పడగ్గదిలో దీపం వెలుగుతోంది.

"అమ్మా, ఏమీ అనుకోకపోతే, ఈ దీపం కాస్త... దండగేమోనని..." అన్నాను.

ఆవిడ గోడమీది ఫొటో వైపు తిరిగింది. "మా తమ్ముడైతే గుమ్మంలోంచే విరుచుకుపడేవాడు. మొహమాటస్థుల్ని చూస్తే నాకు దిగులేస్తుంది."

నేను బయటికి వెళ్లి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ లోపలికి వచ్చాను. "ఎవరికమ్మా వెలుగుతోంది ఈ దీపం? మంచానికా? దండగ!" అని ఇల్లు అదిరేలా అరిచి, టక్కుమని ఆర్పాను. వంటింట్లోదీ ఆర్పాను.

"నా ఖర్మ! ఇంకొకడు తయారయ్యాడు" అంది పెద్దావిడ, ఎంతో తృప్తిగా.

మెట్లు దిగుతూ మొదటి అంతస్తులో ఆగాను. పళ్ల డాక్టరు గది ముందు ఆరుగురు దవడలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. పాపం అనిపించింది. కానీ ఒక్క ఇంట్లోనే ఆర్పితే అనుమానం వస్తుంది కదా. "దండగ!" అని స్విచ్చు నొక్కి, వాళ్లు చీకట్లోంచి తేరుకునేలోగా ఒక్క పరుగున మా ఇంట్లోకి వచ్చి పడ్డాను.